ఎలుగుబొమ్మ అరికాళ్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో క్రిస్మస్ పనులు వానాకాలంలోనే మొదలయ్యేవి. సికింద్రాబాదులో రెజిమెంటల్ బజార్ వెనక సందులో రెండు గదులు, ఒక వసారా, చిన్న వంటిల్లు ఉన్న ఇల్లు మాది. అందులో ఉండేది మా అమ్మమ్మా నేనూ. నాన్న నేను పుట్టిన రెండో ఏట పోయాడు. అమ్మ దూరపు ఊళ్లో ఆస్పత్రిలో నర్సు. ఏడాదికి రెండుసార్లు సెలవు మీద వచ్చి, నాలుగు రోజులుండి వెళ్లిపోయేది. అందుచేత నాకున్న మనిషి అమ్మమ్మ ఒక్కతే. ఆమెకున్న మనిషిని కూడా నేనొక్కదాన్నే అనుకునేదాన్ని.

అమ్మమ్మ మిషన్ బడిలో ముప్ఫై ఏళ్లు ఆడపిల్లలకు కుట్టుపని నేర్పింది. పని మానేశాక, ప్రతి క్రిస్మస్‌కీ ఆస్పత్రిలో పిల్లల వార్డుకు పన్నెండు ఎలుగుబొమ్మలు కుట్టి ఇచ్చేది. దొరల పిల్లలు వాటిని టెడ్డీలనేవారు. మాకు మాత్రం ఎలుగుబొమ్మలే. పాత కంబళ్లతో ఒళ్లు, దూదితో పొట్ట, చొక్కా బొత్తాలతో కళ్లు. అరికాళ్లకు మాత్రం ఫెల్టు అనే మందపాటి ఎర్ర ఉన్ని గుడ్డ వాడేది. అది బజారులో దొరికేది కాదు. సీమకు వెళ్లిపోతూ ఒక దొరసాని ఇచ్చిన ముక్క అమ్మమ్మ పెట్టె అడుగున ఉండేది. ఏడాదికి కొంచెం చొప్పున కత్తిరించుకుంటూ రాగా, నేను చెప్పబోయే ఏడాదికి చాలేంత మాత్రమే మిగిలింది.

ఆ బొమ్మ ఒళ్లంతా ఒక ఎత్తు, అరికాళ్లు ఒక ఎత్తు. కాలిని తిరగేసి పట్టుకుంటే గొట్టంలా ఉంటుంది. దాని మూతికి కోలగా కత్తిరించిన ముక్కను చుట్టూ తిప్పి కుట్టాలి. ఎంత జాగ్రత్తగా మొదలుపెట్టినా, చుట్టి వచ్చేసరికి ఎక్కడో గుడ్డ మిగిలిపోతుంది, లేకపోతే చాలకుండా పోతుంది. మిగిలితే ముడత పడుతుంది. చాలకపోతే పాదం ఒక పక్కకు గుంజుకుపోతుంది. ఆ సంగతి కాలిని మళ్లీ బయటికి తిప్పేదాకా తెలియదు. అమ్మమ్మ ముడతను ఊరుకునేది కాదు. మంచం మీద పడుకున్న పిల్లకు, కాళ్ల వైపు కూర్చోబెట్టిన బొమ్మలో ముందు కనబడేవి అరికాళ్లేనని, మొహం ఆ తర్వాతేనని చెప్పేది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. అంతకు ముందు రెండేళ్లు పొట్టల్లో దూది కూరే పని నాది. ఆ ఏడు అరికాళ్లు కుట్టే పని నాకిస్తానని అమ్మమ్మ మాట ఇచ్చింది. కుట్టడం వచ్చాక, సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే తన ఇత్తడి అంగుస్తానా కూడా నాకే ఇస్తానంది. వానాకాలమంతా పాత గుడ్డ మీద కుట్టాను, విప్పాను, మళ్లీ కుట్టాను. ఒక్క ముక్క కూడా ముడత లేకుండా రాలేదు.

అది పోలీసు యాక్షన్ జరిగిన ఏడు. యూనియన్ సైన్యం వచ్చిన రోజుల్లో మాకు బడి లేదు. రోడ్డు మీద వరసగా ట్రక్కులు పోతుంటే కొందరు దండలు పట్టుకుని ఎదురు వెళ్లారు, కొందరు తలుపులు వేసుకుని కూర్చున్నారు. మా సందులో రెండు రకాల వాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత మూడు వారాలకు, వాన పడుతున్న ఒక సాయంత్రం, ఒకామె తన కూతుర్ని వెంటబెట్టుకుని మా వసారాలోకి వచ్చింది. ఆమె చిన్నప్పుడు మిషన్ బడిలో అమ్మమ్మ దగ్గర కుట్టు నేర్చుకుందట. జిల్లాలో ఒక ఊళ్లో కాపురం. భర్త టోపీలు కుట్టేవాడు. వాళ్లు ముసల్మానులే అయినా ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే.

"ఊళ్లె మంచిగ లేదు టీచరమ్మా. దుకానం కాలవెట్టిన్రు. మా ఆయన మమ్ముల బండెక్కిచ్చి, ఎనుకనే వస్త పోండ్రి అన్నడు. పది దినాలాయె. ఇంక రాలే," అందామె నిలబడే.

"ముందు లోపలికి రా. పిల్ల తడిసిపోయింది," అంది అమ్మమ్మ.

అలా వాళ్లు మా వెనక గదిలో ఉండిపోయారు. ఆ అమ్మాయికి పదకొండేళ్లుంటాయి. సన్నగా, పొడుగ్గా ఉండేది. వెంట తెచ్చుకున్న రేకు పెట్టెను ఎప్పుడూ ఒళ్లోనే పెట్టుకునేది. మొదటి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు మంచినీళ్లు కావలసి వచ్చి అమ్మమ్మను "నానీ" అని పిలిచింది.

"నానీ అంటే ఏంటి?" అని అడిగాను.

"అమ్మమ్మ."

"ఆమె మా అమ్మమ్మ."

"ఎరుకే," అంది ఆ అమ్మాయి నెమ్మదిగా. ఆ మాటలో ఎకసెక్కెం లేదు. ఉన్నట్టయితే నాకు కొంచెం హాయిగా ఉండేది.

నాలుగో రోజు నేను వసారాలో కూర్చుని ఒక కాలికి ముక్క కుట్టి, తిరగేసి చూసుకుని, ముడతలు చూసి దాన్ని విసిరేశాను. అది పోయి ఆమె ముందు పడింది. ఆమె దాన్ని తీసి చేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది. నా కుట్లు ఒక్కొక్కటే విప్పింది. అడగకుండానే అమ్మమ్మ డబ్బాలోంచి సూది తీసుకుని, పొయ్యి మీద అన్నం ఉడికేంతసేపు తలెత్తకుండా కుట్టి, తిరగేసి కింద పెట్టింది. కాలు దానంతట అది నిలబడింది. అమ్మమ్మ వచ్చి అరికాలి అంచు చుట్టూ బొటనవేలు పెట్టి తడిమింది. ఆ వేలు ఎక్కడా ఆగలేదు.

"ఎవరు నేర్పారే తల్లీ?"

"మా అబ్బా. టోపీల మీద గుండ్రం ముక్క గిట్లనే కుడ్తం, నానీ." అబ్బా అంటే వాళ్ల నాన్న.

అమ్మమ్మ ఆ కాలిని పక్కింటివాళ్లకు కూడా చూపించింది. నేను వానాకాలమంతా కుట్టినవాటిలో ఒక్కదాన్ని కూడా గుమ్మం దాటించలేదు. ఆ రోజు నుంచి అరికాళ్లు ఆ అమ్మాయి పనయ్యాయి. కిటికీ పక్కన వెలుతురుండే చోటు, అంటే నా చోటు, ఆమెది అయింది. ఇత్తడి అంగుస్తానా ఆమె వేలికి ఎక్కింది. "ఈ ఏటికి నువ్వు దూది కూరవే, వచ్చే ఏడు చూద్దాం," అంది అమ్మమ్మ నాతో, చాలా మామూలుగా.

అసూయ అనే మాట నాకప్పటికి బడిలో బైబిలు పాఠంలో తప్ప తెలియదు. ఒంట్లో ఎలా ఉంటుందో ఆ పది రోజుల్లో తెలిసింది. ఆమె ముందు అన్నం పళ్లెం పెడితే, అమ్మమ్మ గరిటె ఆమెకు ఎంత వేసిందో, నాకు ఎంత వేసిందో చూసేదాన్ని. అమ్మమ్మ ఆమె తల దువ్వుతుంటే నా తల దురద పెట్టేది. ఆమె తండ్రి కోసం వాళ్లమ్మ కొంగులో మొహం దాచుకుని ఏడుస్తుంటే, అమ్మమ్మ పోయి వీపు నిమురుతుంటే, నాకైతే నాన్నే లేడు కదా, నా వీపు ఎవరూ నిమరలేదు కదా అనుకునేదాన్ని. సందు చివర పాలామె ఒక రోజు, "మీ ఇంట్ల గా కొత్తోళ్లు ఎవరే పిల్లా?" అని అడిగింది. ఆ రోజుల్లో ఆ ప్రశ్నకు జవాబు జాగ్రత్తగా చెప్పాలని నాకు తెలుసు. చెబితే వాళ్లు వెళ్లిపోవలసి వస్తుందని కూడా తెలుసు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. "మా అమ్మమ్మ దగ్గర చదువుకున్నవాళ్లు," అని మాత్రం చెప్పి వచ్చేశాను. అంతవరకు నాలో కొంత మంచి మిగిలి ఉంది.

ఆమె అరికాలి ముక్క కత్తిరించే ముందు ప్రతిసారీ రేకు పెట్టె తెరిచి ఒక కాగితం బయటికి తీసేది. గోధుమరంగు మందపాటి కాగితం, కోలగా కత్తిరించి ఉండేది. దాని మీద పెన్సిలుతో గీతలు, ఉర్దూ అక్షరాలు. దాన్ని మోకాళ్ల మీద పెట్టుకుని కాసేపు చూసి, మళ్లీ లోపల పెట్టి, అప్పుడు కత్తెర పట్టేది. ఒడుపంతా ఆ కాగితంలోనే ఉందని నేను నమ్మాను. అది నా చేతికొస్తే నా ముక్కలూ అలాగే వస్తాయి, అంగుస్తానా నాకొస్తుంది, కిటికీ పక్క చోటు నాకొస్తుంది.

ఒక మధ్యాహ్నం అమ్మమ్మ వాళ్లిద్దర్నీ తీసుకుని మిషన్ కాంపౌండుకు వెళ్లింది. ఆ జిల్లా నుంచి ఒక పాదిరిగారు వచ్చారని, ఆయనకేమైనా కబురు తెలుసేమో కనుక్కుందామని. నన్ను ఇంటికి కాపలా ఉంచారు. వాళ్లు సందు మలుపు తిరగగానే నేను రేకు పెట్టె తెరిచాను.

అప్పటికి ఆమె అయిదు బొమ్మలకు అరికాళ్లు కుట్టింది. ఇంకా ఏడు బొమ్మలకు పద్నాలుగు ముక్కలు కావాలి. మిగిలిన ఫెల్టంతా నేల మీద పరిచి, కాగితం పెట్టి, సుద్దతో గీసి, పద్నాలుగు ముక్కలూ ఒకే ఊపులో కత్తిరించేశాను. గీత తప్పలేదు. ఆ తర్వాత ఒక కాలు తీసుకుని కుట్టడం మొదలుపెట్టాను. సగం చుట్టు వచ్చేసరికే గుడ్డ పొంగింది. పూర్తిచేసి తిరగేస్తే అరికాలు కాల్చిన అప్పడంలా అంచులు ముడుచుకుని లేచి ఉంది. అంతకు ముందు నేను కుట్టినవాటన్నిటికంటే అదే అధ్వాన్నం.

అప్పుడే సందులో వాళ్ల మాటలు వినబడ్డాయి. కాగితాన్ని తిరిగి పెట్టెలో పెట్టడానికి నాకు వ్యవధి ఉంది. ఇది నేను దాచకుండా చెప్పాలి. పెట్టె నా పక్కనే, మూత తెరిచే ఉంది. కానీ నాకు పనికిరానిది ఆమెకు మాత్రం ఎందుకు పనికిరావాలి అనిపించింది. వంటింట్లో కుంపటి మీద టీ నీళ్లు కాగుతున్నాయి. గిన్నె పక్కకు జరిపి కాగితాన్ని బొగ్గుల మీద వేశాను. మందపు కాగితం కనుక ముందు వంకర తిరిగింది, తర్వాత అంటుకుంది.

వాళ్లకు ఏ కబురూ దొరకలేదు. వచ్చి అలాగే వసారాలో కూలబడ్డారు. కాసేపటికి ఆ అమ్మాయి పెట్టె తెరిచింది. సామానంతా తీసి పక్కన పెట్టింది. పెట్టెను బోర్లించి చూసింది. చాప ఎత్తి చూసింది.

"అమ్మీ, కాయితం లేదే."

"ఏ కాగితం?" అంది అమ్మమ్మ.

"అబ్బాది, నానీ. బండెక్కెటప్పుడు నా చేతుల పెట్టిండు. పసిపిల్లల టోపీ మీది ముక్క. పని మర్వకు బిడ్డా అన్నడు."

వాళ్లమ్మ గోడకు ఆనుకుని, "ఆయన చేతిరాత గదొక్కటే ఉండె మా దగ్గర," అంది. అందరికంటే మెల్లగా అంది.

అమ్మమ్మ కుట్టు బుట్టలో ఉన్న పదమూడు ఎర్ర ముక్కల్ని, నేను కుట్టిన కాలును చూసింది. కుంపటి పక్కకు జరిగి ఉన్న గిన్నెను చూసింది. నా మొహం చూసింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. ఆ రాత్రి నాకు అన్నం మామూలుగానే పెట్టింది.

మర్నాడు పొద్దున మా ఇద్దర్నీ కిటికీ దగ్గరికి పిలిచింది. నేను కుట్టి పాడుచేసిన కాలు విప్పదీసి, కాలినీ ముక్కనూ ఆ అమ్మాయి ముందు పెట్టింది. "దీనికి అరికాలు కుట్టు. చేస్తున్నది పైకి చెబుతూ కుట్టు. ఇది వింటుంది," అంది నన్ను చూపించి.

ఆమె ముక్కను అరచేతిలో పెట్టుకుని చూసింది. వేలితో దాని అంచు వెంట ఒక చుట్టు తిరిగింది. అప్పుడు నా వైపు చూసింది. ఆమెకు అంతా తెలిసిపోయిందని నాకు అర్థమైంది. అయినా పని ఆపలేదు. ముక్కను నేల మీద పరిచి, దాని మీద కాలి మూతిని నిలబెట్టి, చుట్టూ సుద్దతో గీసింది. గీతకు అవతల వేలెడు వెడల్పు గుడ్డ మిగిలింది. కుట్టు పట్టడానికి కొంచెం ఉంచి, మిగతాది కత్తిరించేసింది.

"ఏ కాలుకు గా కాలునే పెట్టి గీసుకోవాలె. చేతితోటి కుట్టినయి గద, ఒక్కటి తీర్గ ఒక్కటుండది," అంది తల వంచుకునే. "అటెనుక ఏలు దిక్కు ఒకటి, మడిమె దిక్కు ఒకటి, పక్కలకు రెండు, నాలుగు గుర్తులు వెట్టాలె. ముందుగాల గీ నాలుగు కాడ్ల కచ్చా కుట్టెయ్యాలె. అప్పుడు బట్ట జరగది. నడుమల జెర ఎక్కువైతే ఒక్క కాడికి నూకొద్దు. అంతట పంచుకుంట పోవాలె."

"మరి కాగితం దేనికి?" అన్నాను. నోరు జారి వచ్చేసిన మాట అది.

ఆమె ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తు దాకా కుట్టు పూర్తిచేసింది. "గది టోపీది. కాలుకు పెద్దగైతది. నేను ఉత్తగ చూస్తుంటి. అబ్బా యాదికొస్తడని."

తర్వాత దారం తెంపుతూ అంది: "అడిగితే చూపిస్తుంటి గద నీకు."

ఇన్నేళ్ల జీవితంలో నన్ను చాలామంది తిట్టారు. ఆ మాట తగిలినట్టు ఏ తిట్టూ తగల్లేదు.

అమ్మమ్మ బుట్టలోంచి ఒక ముక్క తీసి నా చేతిలో పెట్టింది. "ఆ కాగితం ఎంత ఉందో ఇది అంతే ఉంది. నూలు పోగంత కూడా తేడా లేకుండా కత్తిరించావు. ఇప్పుడు దాని కొలత ఈ లోకంలో ఈ ముక్కల్లోనే ఉంది. నువ్వే ఇయ్యి. ఎక్కడిదో చెప్పి ఇయ్యి."

"కాగితాన్ని నేనే కుంపట్లో వేశాను," అన్నాను. ముక్కను ఆమెకు అందించాను. తిడుతుందని, ఏడుస్తుందని, వాళ్లమ్మను పిలుస్తుందని ఎదురుచూశాను. ఆమె ముక్కను తీసుకుని, కాగితం మీద రాత ఉండే చోట వేలు పెట్టి తడిమింది. అక్కడ రాత లేదు. దాన్ని పెట్టెలో పెట్టుకుని వెనక గదిలోకి వెళ్లింది.

తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. తప్పు ఒప్పుకున్నాను కాబట్టి నా మనసు కడిగినట్టయిందని చెప్పాలని ఉంది, కానీ అలా జరగలేదు. అమ్మమ్మ ఆ పిల్లను దగ్గరికి తీసుకున్నప్పుడల్లా ఇంకా మండుతూనే ఉంది. తేడా ఒక్కటే. ఇప్పుడు ఆ మంటకు కారణంగా చూపించుకోవడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. ఆ ముక్క ఇచ్చేయడంతో ఒక ఎలుగుబొమ్మకు అరికాలు తక్కువైంది. అమ్మమ్మ ఎవర్నీ ఏమీ అడగలేదు. నేనే నా ఆదివారం గౌను తెచ్చి, దాని ఎర్ర మఖమలు జేబు విప్పి ఇచ్చాను.

పదో రోజు నాలుగు గుర్తులూ పెట్టి కుడుతున్నా మడమ దగ్గర ముడత పోవడం లేదు. ఆమె పక్కకు పోయి కూర్చుని, "ఇక్కడ ఎందుకు ఇలా వస్తోంది?" అని అడిగాను.

ఆమె చూసింది. "దారం గుంజుతున్నవ్. గంత గుంజకు," అంది. నా చేతిలోంచి తీసుకోలేదు. నా వేళ్ల మీద తన వేలు పెట్టి, ఎంత బిగువు చాలో చూపించింది. ఆ కాలు తిరగేస్తే ముడత ఉంది కానీ, వెతికితే తప్ప కనబడనంత చిన్నది. డిసెంబరు వచ్చేసరికి చివరి రెండు బొమ్మలకు నేనే కుట్టాను. మేమిద్దరం కలిసి వార్డుకు వెళ్లి మంచానికొకటి చొప్పున పెట్టి వచ్చాం. పిల్లలు ఎవరి బొమ్మను ముందు ముట్టుకుంటారో అని నేను దొంగచూపులు చూస్తూనే ఉన్నాను.

వాళ్ల నాన్న కొత్త సంవత్సరం వచ్చిన కొద్ది రోజులకు దొరికాడు. ఆయనే వెతుక్కుంటూ వచ్చాడు. ఊరి బయట ఒక రైతు తన పశువుల కొట్టంలో వారాల తరబడి దాచిపెట్టాడట. టోపీలు కుట్టే మనిషి టోపీ లేకుండా వట్టి తలతో వచ్చాడు. మా వసారా మెట్టు మీద కూర్చుని, కూతుర్ని ఒళ్లోకి లాక్కుని, చాలాసేపు ముందుకూ వెనక్కూ ఊగాడు. నేను తలుపు చాటు నుంచి చూస్తున్నాను. అప్పుడు కూడా నాకు ఏడుపొచ్చింది వాళ్ల కోసం కాదు.

కాసేపటికి ఆ అమ్మాయి పెట్టె తెరిచి ఎర్ర ముక్కను ఆయన చేతిలో పెట్టింది. "కాయితం పోయింది అబ్బా. గిది ఉన్నది." ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. జానతో కొలిచాడు, అంచు వెంట గోరు నడిపాడు. "నాదే నమూనా. ఎవలు కత్తిరించిన్రో గని, కత్తెర సాఫ్‌గ నడిచింది," అన్నాడు.

నా పనికి బయటివాళ్ల నోట వచ్చిన మొదటి మెచ్చుకోలు అది. ఆ అమ్మాయి తలుపు వైపు చూసింది. నేను అక్కడున్నానని ఆమెకు తెలుసు. ఏమీ చెప్పకుండా ముక్క తీసుకుని పెట్టెలో పెట్టుకుంది.

తర్వాత వాళ్లు బోయిన్‌పల్లిలో ఒక గది తీసుకుని వెళ్లిపోయారు. టోపీలు కొనేవాళ్లు తగ్గిపోయారని ఆయన చొక్కాలు కుట్టడం మొదలుపెట్టాడని విన్నాం. వెళ్లే రోజు అమ్మమ్మ ఇత్తడి అంగుస్తానాను ఆ అమ్మాయికి ఇచ్చేసింది. నాకు ఇవ్వలేదు. ఇవ్వకపోవడం న్యాయమేనని నాకు తెలుసు. తలుచుకుంటే మాత్రం ఇవాళ్టికీ ఎక్కడో కొంచెం చురుక్కుమంటుంది.

నేను కూడా అమ్మమ్మలాగే కుట్టు టీచరునయ్యాను. ఎందరో పిల్లలకు నాలుగు గుర్తులు పెట్టడం నేర్పాను. అసూయ మాత్రం నన్ను వదిలిపెట్టలేదు, వదిలిందని చెబితే అబద్ధం అవుతుంది. ఎనభై దాటాక ఇప్పుడు యాప్రాల్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మొన్నటి వానాకాలంలో పై అంతస్తులో ఉండే ఒక చిన్న వయసు తల్లి తన కొడుకుకు అతుకుల బొంత కుట్టి పిట్టగోడ మీద ఆరేసింది. మూలలు ఎంత కుదురుగా కలిశాయంటే, నేను కింద నిలబడి చూసి, ఇంట్లోకొచ్చి అందులో లోపాలు ఏముంటాయా అని మధ్యాహ్నందాకా వెతుక్కుంటూ కూర్చున్నాను. ఏవీ దొరకలేదు. సాయంత్రం మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి, ఆమె తలుపు తట్టి, "ఆ మూలలు ఎట్లా కలిపావో నాకు చూపిస్తావా అమ్మా?" అని అడిగాను. ఆ మాట అడగడం నాకు ఇప్పటికీ కష్టమే. అయినా అడుగుతాను.